పిల్లి లిట్టర్ బాక్స్ మానేసి పరుపుల మీద, బట్టల మీద పోస్తుంటే ఏం చేయాలి

ఇన్నాళ్లూ బుద్ధిగా లిట్టర్ బాక్స్‌లో, అంటే ఉచ్చకీ దొడ్డికీ ఇసుకలాంటి లిట్టర్ పోసి పెట్టే డబ్బాలో, పోసుకున్న పిల్లి ఒకరోజు ఉన్నట్టుండి మంచం మీదో, ఉతికి మడతపెట్టిన బట్టల మీదో, సోఫా మూలనో ఉచ్చ పోసేసిందంటే ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అది మీ మీద పగతో చేయట్లేదు. మా ఇంట్లో కూడా "మొన్న దాన్ని వదిలేసి ఊరెళ్లొచ్చాం కదా, ఆ కసి తీర్చుకుంటోంది" అన్నారు. పిల్లికి అలాంటి లెక్కలుండవు. ఒంట్లో బాలేకపోయి ఉండాలి, లేదంటే బాక్స్ విషయంలో ఏదో నచ్చకపోయి ఉండాలి, అదీ కాదంటే ఇంట్లో దేనికో బెదిరి ఉండాలి. ఈ మూడింట్లో ఏదన్నది కనుక్కోవడమే అసలు పని, మిగతాదంతా దాని వెనకాలే వస్తుంది. నేను చెప్పే వరస కూడా ముఖ్యమే, ఎందుకంటే నేను వరస తప్పి చేసి మా వాడి ప్రాణం మీదకి తెచ్చాను.

మా వాడు అంటే బంటి. గోధుమరంగు చారల మామూలు వీధి పిల్లి, మగపిల్లి, అప్పటికి మూడేళ్లు. కూకట్‌పల్లిలో మూడో ఫ్లోర్ ఫ్లాట్ మాది. ఒక జూన్‌లో వరసగా నాలుగు రోజులు పరుపు మీద కొంచెం, బట్టల బుట్టలో కొంచెం, బాత్రూమ్ జాలీ దగ్గర కొంచెం పోశాడు. నేను తిట్టాను, ఫినాయిల్ పెట్టి తుడిచాను, గది తలుపు వేసేశాను. నాలుగో రోజు రాత్రి చూస్తే బాక్స్‌లో కూర్చుని ఉన్నాడు, నడుము కిందకి దించి, తోక కొస వణుకుతోంది, రెండు నిమిషాలు అలాగే ఉండి బయటికొచ్చాడు. లిట్టర్ పొడిగానే ఉంది. మళ్లీ వెళ్లాడు, మళ్లీ వచ్చాడు, మధ్యలో కింద నాకుతూనే ఉన్నాడు, ఎప్పుడూ వినని ఒక లోగొంతు అరుపు అరిచాడు. ఒకచోటికి ఫోన్ చేసి అడిగితే మలబద్ధకం అయ్యుంటుంది, పొద్దున్న చూద్దాం అన్నారు. మనసొప్పక ఆ రాత్రే ఇంకో చోటికి పట్టుకెళ్తే డాక్టర్ పొట్ట ముట్టుకోగానే చెప్పేశారు, మూత్రం దారి మూసుకుపోయింది, బ్లాడర్ రాయిలా గట్టిపడింది అని. ట్యూబ్ వేసి తీశారు, మూడు రోజులు అక్కడే ఉంచారు.

మొట్టమొదటి పని డాక్టర్

మగపిల్లి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది, చిన్న స్ఫటికాలు, జిగురు కలిసి బిరడాలా పట్టేస్తాయి. పూర్తిగా మూసుకుపోతే బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలో పెరిగిపోయి గుండె ఆగిపోతుంది, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. అందుకే మగపిల్లి మాటిమాటికీ బాక్స్‌లోకి వెళ్లి ఏమీ రాకుండా బయటికొస్తుంటే, ఒకటి రెండు చుక్కలే పడుతుంటే, అరుస్తుంటే, వాంతులు చేసుకుంటుంటే, అర్ధరాత్రైనా సరే తీసుకెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు. చూసేవాళ్లకి అది దొడ్డికి ముక్కుతున్నట్టే ఉంటుంది, అక్కడే చాలామంది పొరపాటు పడతారు.

మన ఇళ్లలో "వేడి చేసింది, చలవకి బార్లీ నీళ్లు పట్టించు, మజ్జిగ పొయ్యి" అంటారు. మనుషులకి సరే, దారి మూసుకుపోయిన పిల్లికి నీళ్లు పట్టిస్తే లోపల ఇంకా నిండుతుంది తప్ప బయటికి రాదు. నొప్పికి పారాసిటమాల్ అసలు ఇవ్వకండి, పిల్లి ఒంటికి దాన్ని విరగ్గొట్టే శక్తి లేదు, ఒక్క మాత్రకే చచ్చిపోవచ్చు.

మూసుకుపోవడం ఒక్కటే కాదు. బ్లాడర్ వాపు వస్తే ఆడపిల్లులకైనా మంట పుడుతుంది, చుక్కచుక్కగా పోస్తాయి, కొన్నిసార్లు రక్తం కనిపిస్తుంది. వయసులో ఉన్న పిల్లుల్లో ఈ వాపుకి ఎక్కువగా ఇన్‌ఫెక్షన్ కారణం కాదు, ఒత్తిడితో వస్తుంది, అందుకే మీకు మీరే యాంటీబయాటిక్ కొనుక్కొచ్చి వేసేయకండి. పెద్ద వయసు పిల్లి అయితే కిడ్నీలు, షుగర్, థైరాయిడ్ చూడాలి, వీటిల్లో నీళ్లు ఎక్కువ తాగి ఎక్కువ పోస్తాయి, బాక్స్ తొందరగా తడిసిపోయి అందులోకి వెళ్లబుద్ధి కాదు. పర్షియన్ పిల్లులకి కిడ్నీల్లో నీటి తిత్తులు వచ్చే జబ్బు వంశంలో ఉంటుంది, మన దగ్గర పర్షియన్లు పెంచేవాళ్లు ఎక్కువ కాబట్టి ఒకసారి స్కాన్ గురించి అడగండి. పదేళ్లు దాటిన పిల్లికి కీళ్లనొప్పులుంటే బాక్స్ అంచు ఎక్కి దూకడమే కష్టం, పాపం బాక్స్ పక్కదాకా వచ్చి అక్కడే పోసేస్తుంది.

డాక్టర్ దగ్గరకెళ్లేటప్పుడు ఎప్పటి నుంచి, రోజుకి ఎన్నిసార్లు, ఎంత, ఎక్కడ, రంగు ఏంటి అని ఒక కాగితం మీద రాసుకెళ్లండి, ఫోన్‌లో వీడియో తీసుకెళ్తే ఇంకా మంచిది. యూరిన్ టెస్ట్, అవసరమైతే అల్ట్రాసౌండ్ చేస్తారు. ప్రైవేట్‌లో ఖర్చు భరించలేం అనుకునేవాళ్లు వెటర్నరీ కాలేజీల్లో ఉండే ఆసుపత్రులకి వెళ్లొచ్చు, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం కాలేజీల్లో కుక్కల్ని పిల్లుల్నీ కూడా చూస్తారు. ఏ రోజుల్లో, ఏ టైమ్‌లో చూస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

అది పోయడమా, చిమ్మడమా చూడండి

రెండూ వేరు, మందూ వేరు. కూర్చుని, నేల మీదో పరుపు మీదో మడుగులా పోస్తే అది మామూలు ఉచ్చ. నిలబడి, వెనక్కి తిరిగి, తోక నిటారుగా ఎత్తి వణికిస్తూ గోడ మీద, కర్టెన్ మీద, తలుపు మీద కొంచెం చిమ్మిందంటే అది హద్దులు గీసుకోవడం. ఆపరేషన్ చేయించని మగపిల్లి పెద్దదైతే ఇది దాదాపు ఖాయం, వాసన కూడా మామూలు దానికంటే చాలా ఘాటు. ఆడపిల్లులు కూడా ఎదకొచ్చినప్పుడు చేస్తాయి. దీనికి ఏ బాక్స్ మార్చినా లాభం లేదు, ఆపరేషన్ చేయించాలి. మగపిల్లుల్లో పదింటికి తొమ్మిదింట్లో చిమ్మడం ఆగిపోతుంది లేదా బాగా తగ్గుతుంది. అయిదారు నెలల వయసులో చేయిస్తే చాలావాటికి అలవాటే పడదు, ఆలస్యం చేస్తే ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని పిల్లులకి అలవాటు మిగిలిపోతుంది. "పాపం కదా, ఒక్కసారైనా పిల్లల్ని కననిద్దాం" అనేవాళ్లకి నా మాట ఏంటంటే, ఎదకొచ్చి జత దొరక్క రాత్రంతా అరిచే పిల్లిని చూడండి, పాపం అదీ.

ఆపరేషన్ అయిన పిల్లి చిమ్ముతోందంటే బయట కిటికీ దగ్గరో, బాల్కనీ గోడ మీదో ఇంకో పిల్లి తిరుగుతోందేమో చూడండి. ఆ కిటికీకి కింద సగం కాగితం అంటించేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

బాక్స్ సంగతి

డాక్టర్ ఒంట్లో ఏం లేదన్నాక, లేదా జబ్బు తగ్గాక కూడా పిల్లి బాక్స్‌లోకి వెళ్లట్లేదంటే అప్పుడు బాక్స్ దగ్గరికి రండి. బంటిగాడు ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా పాత బాక్స్ వంక చూడలేదు. డాక్టర్ చెప్పింది ఏంటంటే, నొప్పి వచ్చిన ప్రతిసారీ వాడు ఆ బాక్స్‌లోనే ఉన్నాడు, కాబట్టి నొప్పి పెట్టేది ఆ బాక్సే అనుకుంటున్నాడు. నొప్పి పోయినా ఆ భయం పోదు. అందుకని బాక్స్, లిట్టర్, చోటు మూడూ కొత్తవి కావాలి.

మీ పిల్లికి ఏది నచ్చలేదో అది పోసే తీరు చూస్తేనే తెలుస్తుంది, ఒకరోజు కాస్త దూరంగా కూర్చుని గమనించండి. నాలుగు కాళ్లూ బాక్స్ అంచు మీద బ్యాలెన్స్ చేసుకుని లిట్టర్‌కి పాదం తగలకుండా పోస్తోందా, బయటికొచ్చి పాదాలు విదిలిస్తోందా, లిట్టర్ తవ్వకుండా పక్కన గోడనో బాక్స్ అంచునో గీకుతోందా, అయితే దానికి లిట్టర్ పడట్లేదు. లోపలికి బాగానే వెళ్లి తవ్వుకుని కూర్చున్నా ఉచ్చ మాత్రం అంచు దాటి బయట పడుతోందా, అయితే బాక్స్ చిన్నది. సగంలో లేచి పరిగెత్తి వచ్చేస్తోందా, అయితే ఆ చోట ఏదో భయపెడుతోంది. ఉచ్చ బాక్స్‌లో, దొడ్డి మాత్రం బయట చేస్తోందంటే చాలాసార్లు బాక్స్ శుభ్రంగా లేకపోవడం, కొన్నిసార్లు మలబద్ధకం. పొడుగు జుట్టు పిల్లులకి వెనకాల జుట్టుకి అంటుకుని చిరాకుపడి బయటికి దూకేస్తాయి, తోక కింద జుట్టు కత్తిరించి ఉంచండి.

సైజు గురించి చెప్పాలంటే షాపుల్లో అమ్మేవాటిల్లో చాలావరకు చిన్నవే. పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఎంత పొడుగో దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి, లోపల సుఖంగా ఒక చుట్టు తిరగగలగాలి. నేను చేసింది చెప్తాను. దుప్పట్లు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొన్నాను, మూత పక్కన పెట్టేశాను. పొట్టివైపు గోడ మీద స్కెచ్ పెన్‌తో ఇంగ్లీష్ యు ఆకారంలో గీసి, కింద అయిదంగుళాలు వదిలి, పాత చాకు స్టవ్ మీద వేడిచేసి మెల్లగా కోశాను, కిటికీలు తీసి చేయండి, ప్లాస్టిక్ పొగ మంచిది కాదు. కోసిన అంచు గరుగ్గా ఉంటుంది, దాన్ని గరుకు కాగితంతో రుద్ది మీద టేప్ చుట్టాను, లేకపోతే పాదాలకి గుచ్చుకుంటుంది. మూడు వైపులా ఎత్తు గోడలుండటంతో లిట్టర్ బయట చిమ్మడం కూడా తగ్గింది. ముసలి పిల్లికి, చిన్న కూనకి అయితే ఆ ద్వారం రెండు మూడంగుళాలకి దించండి.

మూత ఉన్న బాక్స్ మనకి అందంగా ఉంటుంది, వాసన రాదు అనుకుంటాం, ఆ వాసనంతా లోపల ఉండిపోయి పిల్లి ముక్కుకే కొడుతుంది. అన్నిటికంటే తేలిక ప్రయోగం ఇదే, ఇవాళే మూత తీసేసి చూడండి. కింద పరిచే ప్లాస్టిక్ కవర్ కూడా తీసేయండి, గోళ్లకి తగులుతుంది.

ఎన్ని బాక్స్‌లు అంటే పిల్లులు ఎన్నో దానికి ఒకటి ఎక్కువ. రెండు పిల్లులుంటే మూడు. చిన్న ఫ్లాట్‌లో ఎక్కడ పెడతాం అంటారు, నిజమే, కానీ సమస్య ఉన్నన్నాళ్లైనా పెట్టండి. మూడూ ఒకే చోట వరసగా పెడితే పిల్లికి అవి ఒకటే లెక్క. రెండు పిల్లుల్లో ఒకటి దారిలో పడుకుని కాపు కాస్తుంది, కొట్లాట కూడా ఉండదు, ఊరికే తేరిపార చూస్తుంది అంతే, రెండోది వెనక్కి తిరిగి వెళ్లి సోఫా వెనకాల పోసేస్తుంది. ఈ సంగతి మనుషులకి నెలల తరబడి అర్థం కాదు. కాబట్టి వేరే వేరే గదుల్లో పెట్టండి.

లిట్టర్

ఎక్కువ పిల్లులకి నచ్చేది సన్నటి ఇసుకలా ఉండి తడవగానే గడ్డకట్టే, వాసన కలపని లిట్టర్. మన దగ్గర దొరికేవి చాలావరకు గుజరాత్, రాజస్థాన్‌లలో తవ్వే బెంటొనైట్ మట్టితో చేసినవి, అది నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, అందుకే టాయిలెట్‌లో మాత్రం పారేయొద్దు, పైపు జామ్ అయిపోతుంది. లావెండర్, నిమ్మ వాసన ఉన్నవి మన ముక్కు కోసం చేసినవి, చాలా పిల్లులకి పడవు. అలాంటి ప్యాకెట్‌కి మారిన వారంలోనే మీ పిల్లి బాక్స్ మానేసిందేమో ఒకసారి వెనక్కి వెళ్లి గుర్తు తెచ్చుకోండి.

వీధి నుంచి తెచ్చుకున్న పిల్లి అయితే దానికి చిన్నప్పటి నుంచి తెలిసింది మట్టి, ఇల్లు కట్టే చోట ఇసుక గుట్ట, అంతే. పైన్ చెక్క గుళికలు, కాగితం ముక్కలు చూస్తే అది బాక్స్ అనే తెలీదు. పైన రెండు గుప్పిళ్ల పొడి ఇసుక చల్లండి, వెంటనే తవ్వడం మొదలుపెడుతుంది, తర్వాత రోజురోజుకీ ఇసుక తగ్గించుకుంటూ రండి. ఉత్త ఇసుకతో నడిపే ఇళ్లు కూడా చాలా ఉన్నాయి, తప్పేం లేదు, కాకపోతే గడ్డకట్టదు కాబట్టి ఉచ్చ అడుక్కి దిగి వాసన పట్టేస్తుంది, రెండు రోజులకోసారి మొత్తం మార్చాలి. రెండు నెలల లోపు కూనలకి గడ్డకట్టే లిట్టర్ వద్దు, నోట్లో పెట్టుకుంటాయి.

లోతు రెండు మూడు అంగుళాలు చాలు. రకం మార్చాలనుకుంటే ఒక్కసారిగా మార్చకండి, పాతదాంట్లో పావు వంతు కొత్తది కలిపి వారం పది రోజుల్లో మెల్లగా మార్చండి. ఏది నచ్చుతుందో తేల్చుకోలేకపోతే రెండు బాక్స్‌లు పక్కపక్కన పెట్టి రెండు రకాలు పోసి చూడండి, అదే చెప్తుంది.

బాక్స్‌లో ఉచ్చతో కట్టిన గడ్డల్ని, దొడ్డిని రోజుకి రెండుసార్లు ఎత్తండి. పొద్దున కాఫీకి ముందు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి అని పెట్టుకుంటే మర్చిపోరు. ఎత్తేటప్పుడు గడ్డలు లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. బంటికి రోజుకి మూడు గడ్డలు, ఒక్కోటి పెద్ద నిమ్మకాయంత. అయిదారు చిన్న గోలీలంతవి కనిపించినా, ఒక్కటీ కనిపించకపోయినా నాకు ఆ పూటే తెలిసిపోతుంది. గడ్డకట్టే లిట్టర్ అయితే రెండు మూడు వారాలకోసారి మొత్తం పారేసి బాక్స్‌ని గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టండి. ఏడాదికోసారి బాక్సే మార్చేయండి, గోళ్ల గీతల్లో వాసన ఉండిపోతుంది.

ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లుంటే "ముందు ఆ పిల్లిని పంపించెయ్యండి" అని బంధువులందరూ మొదలుపెడతారు. భయం టాక్సోప్లాస్మా అనే సూక్ష్మ పరాన్నజీవి గురించి. అది పిల్లి దొడ్డిలో బయటికొచ్చాక కనీసం ఒక రోజైనా గడిస్తే తప్ప మనిషికి అంటదు, కాబట్టి ఏ రోజుది ఆ రోజు ఇంట్లో ఇంకొకరు ఎత్తేయాలి, గర్భిణి మాత్రం ఆ పని చేయకూడదు, పిల్లికి పచ్చి మాంసం పెట్టకూడదు. పిల్లిని వదిలేయాల్సిన పని లేదు, అనుమానం ఉంటే మీ గైనకాలజిస్ట్‌నే అడగండి.

చోటు

మనం మామూలుగా ఎక్కడ పెడతాం, యుటిలిటీలో వాషింగ్ మెషిన్ పక్కన లేకపోతే బాల్కనీలో. మెషిన్ స్పిన్ తిరిగేటప్పుడు పిల్లి లోపల ఉందంటే మళ్లీ అటు పోదు. బాల్కనీలో వానాకాలం జల్లు కొట్టి లిట్టర్ బురదైపోతుంది, ఎండాకాలం మధ్యాహ్నం గచ్చు కాలిపోతుంది. బాత్రూమ్‌లో పెడితే నేల ఎప్పుడూ తడే, పైగా ఎవరో ఒకరు తలుపు వేసేస్తారు. మా బాక్స్ కూడా మెషిన్ పక్కనే ఉండేది, దాన్ని హాల్‌కీ బెడ్రూమ్‌కీ మధ్య నడవలోకి మార్చాను. అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు "ఇల్లు మధ్యలో ఇదేంటే" అంది, నిజమే, చూడ్డానికి బాగుండదు, కానీ పరుపు మీద పోయడం కంటే నయం కదా, చివరికి అమ్మే అక్కడొక పాత గోనెపట్టా పరిచింది, పాదాలకంటిన లిట్టర్ దానికి తుడుచుకుపోతుంది.

చోటు ఎలా ఉండాలంటే గొడవ లేకుండా ఉండాలి, పిల్లికి వచ్చేవాళ్లు కనిపించాలి, పారిపోవడానికి రెండో దారి ఉండాలి, తిండి గిన్నె నీళ్ల గిన్నె దూరంగా ఉండాలి. తినే చోట పోయడం వాటికి అస్సలు ఇష్టం ఉండదు, ఈ గుణం మనకి తర్వాత పనికొస్తుంది.

వాసన తీయకపోతే ఏం చేసినా వృథా

ఒకసారి పోసిన చోట మళ్లీ పోయడానికి కారణం వాసన. మనకి రాకపోయినా దానికి వస్తుంది. పిల్లి ఉచ్చలో ఉండే యూరిక్ యాసిడ్ స్ఫటికాలు నీళ్లకి, సబ్బుకి సరిగ్గా కరగవు, ఎండాకాలం పోయిందనుకున్న వాసన వానలు పడగానే తేమకి మళ్లీ లేస్తుంది. వాటిని విరగ్గొట్టేది ఎంజైమ్ క్లీనర్, పెంపుడు జంతువుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

తడిగా ఉండగా చూస్తే పాత నూలుగుడ్డ పెట్టి అదిమి పీల్పించండి, రుద్దితే లోపలికి దిగుతుంది. తర్వాత మామూలు నీళ్లతో తడిపి మళ్లీ పీల్పించండి. ఆ పైన ఎంజైమ్ క్లీనర్ ధారాళంగా పోయండి, పైపైన స్ప్రే కొడితే చాలదు, ఉచ్చ ఎంత లోతుకి దిగిందో ఇదీ అంత లోతుకి దిగాలి. పావుగంట పైనే వదిలేసి పైతడి అద్ది, గాలికి దానంతట అది ఆరనివ్వండి. దూది పరుపు అయితే ఒకసారికి పోదు, రెండు మూడు సార్లు చేసి డాబా మీద ఎండలో వేయాల్సిందే. బట్టలు చల్లనీళ్లలో జాడించి ఉతకండి, వేడినీళ్లు పోస్తే మరకా వాసనా రెండూ పట్టేస్తాయి. క్లీనర్ వచ్చేలోపు వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి తుడవొచ్చు, మార్బుల్ నేల మీద మాత్రం వద్దు, మచ్చపడుతుంది. ఎక్కడ పోసిందో తెలీకపోతే చిన్న యూవీ టార్చ్ కొనుక్కుని రాత్రి లైట్లన్నీ ఆపి వెతకండి, పసుపుపచ్చగా మెరుస్తుంది. నాకు సోఫా వెనకాల గోడ మూల అలాగే దొరికింది, అక్కడ పోసినట్టు నాకు అసలు తెలీనే తెలీదు.

ఇంక ఫినాయిల్. దయచేసి పిల్లి ఉన్న ఇంట్లో ఫినాయిల్ వాడకండి. అందులో ఉండే ఫినాల్ రకం పదార్థాల్ని పిల్లి కాలేయం బయటికి పంపలేదు, నేల మీద నడిచి ఆ పాదాలు నాక్కుంటే అదంతా లోపలికే వెళ్తుంది. ఘాటు యాంటీసెప్టిక్ లిక్విడ్లూ అంతే. కలరా ఉండలు, కర్పూరం పెడితే రాదని చెప్తారు, రెండూ పిల్లికి విషమే. బ్లీచింగ్ పౌడర్ ఉచ్చ మీద వేస్తే ఊపిరాడని గాలి పుడుతుంది, అది మీక్కూడా ప్రమాదం. అమ్మోనియా ఉన్న క్లీనర్ల వాసన ఉచ్చ వాసనకి దగ్గరగా ఉంటుంది, వాడితే అక్కడే పొయ్యమని పిలిచినట్టు.

శుభ్రం చేశాక ఆ చోటు పనిని మార్చేయండి. అక్కడే దాని తిండి గిన్నె పెట్టండి, అక్కడే ఆడించండి. పరుపైతే కొన్నాళ్లు పైన ప్లాస్టిక్ షీట్ వేసి ఉంచండి. మొక్కల కుండీల్లో, ముఖ్యంగా తులసి కోటలో తవ్వుతుంటే ఇంట్లో పెద్దవాళ్ల బాధ నాకు తెలుసు, మట్టి మీద అరచేతిలో సగమంత గులకరాళ్లు దగ్గరదగ్గరగా పరిచేయండి, తవ్వడానికి వీల్లేకపోతే మానేస్తుంది. బాత్రూమ్ జాలీ దగ్గర పోస్తుంటే కొన్నాళ్లు తలుపు వేసి ఉంచండి.

భయం, ఒత్తిడి

ఇంట్లో ఏం మారింది? ఇల్లు మారారా, పెయింట్ వేయించారా, కొత్త బిడ్డ వచ్చిందా, సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలా, దీపావళి టపాసులా, పక్క ఫ్లాట్‌లో డ్రిల్లింగా. ఇవన్నీ మనకి నాలుగు రోజుల సంగతి, పిల్లికి ఇల్లంతా మారిపోయినట్టు. చుట్టాలొచ్చినప్పుడు, టపాసుల రోజుల్లో ఒక గది దానికి వదిలేయండి, బాక్స్, నీళ్లు, తిండి, మీరు కట్టుకున్న పాత చీరో చొక్కానో పెట్టి తలుపు వేయండి. బీరువా మీద ఒక పాత దుప్పటి వేసి ఎక్కే దారి చేయండి, పైనుంచి చూసుకుంటూ ఉంటే ధైర్యంగా ఉంటుంది. రోజూ ఒకే టైమ్‌కి తిండి, రెండుపూటలా పదేసి నిమిషాలు తాడు కట్టిన ఆటబొమ్మతో ఆట. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ బ్లాడర్ వాపు మళ్లీమళ్లీ వచ్చే పిల్లులకి డాక్టర్లు చెప్పేది కూడా ఇదే, దాంతోపాటు నీళ్లు. ఎండు గింజలే పెట్టే ఇళ్లలో తడి తిండి కలపండి, ఉప్పూ కారం ఉల్లిపాయా వేయకుండా ఉడికించిన చికెన్ నీళ్లు పోయండి, రెండు మూడు చోట్ల వెడల్పు గిన్నెల్లో నీళ్లుంచండి. స్ఫటికాలకి డాక్టర్ ప్రత్యేకమైన తిండి రాస్తే మధ్యలో మానేయకండి.

కొట్టడం, ముక్కు పట్టుకుని ఉచ్చలో రుద్దడం, తిట్టడం వద్దు. నాలుగు రోజులు నేను అరిచాను కదా, దాంతో వాడు నేర్చుకున్నది ఒక్కటే, నాకు కనపడకుండా సోఫా వెనక్కి వెళ్లి పోయడం. అంత నొప్పిలో ఉన్నవాడి మీద అరిచానని తల్చుకుంటే ఇప్పటికీ నా కళ్లు చెమరుస్తాయి.

ఏదీ పనిచేయకపోతే చిన్న గదితో మళ్లీ మొదలు

ఒక చిన్న గది ఖాళీ చేయండి, పరుపులు, బట్టలు, కార్పెట్ ఏవీ ఉండకూడదు. ఒక మూల కొత్త బాక్స్, ఎదురు మూల తిండి నీళ్లు, పడుకోడానికి ఒక చెక్కపెట్టె. పిల్లిని అందులో ఉంచండి, ఇది శిక్ష కాదు కాబట్టి మీరు రోజుకి నాలుగైదు సార్లు వెళ్లి కూర్చోండి, ఆడించండి. తిన్న పావుగంటకి బాక్స్ దగ్గరికి తీసుకెళ్లి వేలితో లిట్టర్ కాస్త గీకి చూపించండి, బలవంతంగా లోపల కూర్చోబెట్టకండి. పోయగానే చిన్న ముక్క ఏదైనా ఇష్టమైంది పెట్టండి. వరసగా వారం రోజులు తప్పకుండా బాక్స్‌లోనే పోస్తే ఇంకో గది తెరవండి, మీరున్నప్పుడు మాత్రమే, ఇంకో వారానికి మరొకటి. మధ్యలో తప్పితే ఒక గది వెనక్కి రండి. బంటికి మొత్తం అయిదు వారాలు పట్టింది, మూడో వారంలో ఒకసారి తప్పాడు, ఆ రోజు పక్కింట్లో పెళ్లి బ్యాండు.

అలవాటు కుదిరాక కూడా రెండు మూడు నెలలు ఏమీ మార్చకండి. ఆ తర్వాత బాక్స్ ఎక్కడికైనా జరపాలంటే రోజుకి ఒక అడుగు చొప్పున జరపండి, ఎక్కడ దానికి ఇబ్బంది అనిపించిందో అక్కడ ఆపేయండి. మాది నడవలోంచి యుటిలిటీ గుమ్మం దాకా వచ్చి అక్కడ ఆగింది, గుమ్మం దాటించి చూస్తే రెండు రోజులు బాక్స్ ముందు నిలబడి నా మొహం చూశాడు, అందుకని మళ్లీ గుమ్మం ఇవతలికే తెచ్చి పెట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంది.